కర్ణనాదము: చికిత్సాన్వేషణ చరిత్ర

బాహ్యమున ఏ శబ్దమును లేకయే చెవిలో హోరో, ఈలయో, కీచురాయి రొదవంటి ధ్వనియో ఎడతెగక వినవచ్చుట కర్ణనాదము. పాశ్చాత్య వైద్యులు దీనిని టినిటస్ అందురు. ఇతరులకు సామాన్యములైన పళ్ళెముల చప్పుడు, పసివారి కేకలు సయితము దుర్భరములగు శబ్దాసహిష్ణుత, అనగా హైపరక్యూసిస్, తరచుగా దీనికి తోడగును. రోగి కోరునది నిశ్శబ్దము. వైద్యము ఇంతవరకు ఇయ్యగలిగినది ఆ నాదమును లక్ష్యపెట్టకుండు శక్తి మాత్రమే.

సుశ్రుత సంహిత 28 కర్ణరోగములను పేర్కొని, వానిలో శూల, నాద, బాధిర్య, క్ష్వేడములకు నాల్గింటికిని సామాన్య చికిత్సను విధించినది. చెవిలో తైలము నింపుట అందొక భాగము. గ్రీకులలో అరిస్టాటిల్ పేర వ్యాప్తినొందిన ‘సమస్యలు’ అను గ్రంథము, వెలుపలి మ్రోత లోపలి మ్రోతను ఏల అణచునని ప్రశ్నించెను. 1821లో పారిస్ వైద్యుడు ఇటార్ ఈ తత్త్వమునే చికిత్సగా మలచి, చిటపటలాడు నిప్పుగూటి చెంతనో, నీటిమర సమీపముననో నివసింపుమని రోగులకు ఉపదేశించెను.

1935లో బారానీ అను వైద్యుడు ప్రొకైను అను మత్తుమందు సూదివలన నాదము తగ్గుట గమనించెను. తదనంతరము అట్టి మత్తుమందే యగు లిడొకైను నరమున కెక్కింపగా పలువురికి ఉపశమనము కలిగినను, అది అల్పకాలికమే యగుటచేతను, హృదయమునకు ప్రమాదకరమగుటచేతను నిత్యోపయోగమునకు రాలేదు. రోగస్థానము చెవియే యైనచో శ్రవణనాడిని ఖండించిన బాధ తీరవలెను గదా! 1981లో హౌస్, బ్రాక్మన్ అను శస్త్రవైద్యులు శ్రవణనాడీ కణితులను, తరచుగా నాడిని సయితము ఖండించి, తొలగించిన 500 మంది రోగుల చరిత్రలను పరిశీలింపగా, నూటికి 40 మందికి నాదము తగ్గినదనియు, 50 మందికి హెచ్చినదనియు తేలెను. నాదము మెదడునందే పోషింపబడుచున్నదన్న నిర్ణయమునకు ఇంతకుమించిన సాక్ష్యము అరుదు. 1953లోనే హెల్లర్, బెర్గ్‌మన్ అనువారు వినికిడి చక్కగానున్న 80 మందిని శబ్దరహితమైన గదిలో కూర్చుండబెట్టగా, వారిలో నూటికి 94 మంది ఏదో ఒక ధ్వనిని వినిరి. నాదము వినబడుట వేరు, దానిచే పీడింపబడుట వేరు; ఈ భేదమును గుర్తించుటకు వైద్యలోకమునకు చాలకాలము పట్టినది.

1970ల దశకమున పోర్ట్‌లాండ్ నగరమునందు జాక్ వెర్నన్, నీటిధార చెంత ఒక రోగి బాధ మాయమగుట గమనించి, చెవికి తగిలించుకొను ధ్వనియంత్రములను ప్రచారమునకు తెచ్చెను. కాని యంత్రము ఆగిన పిమ్మట నాదము మరలెడిది. పోలెండులో జన్మించిన జాస్ట్రెబాఫ్ 1990లో వేరొక సిద్ధాంతమును ప్రతిపాదించెను: నాదమును కప్పివేయుట గాక, దానికి భయమును ముడివేసిన నాడీసంబంధమును సడలించి, మెదడు దానిని అప్రధానమని త్రోసిపుచ్చునట్లు అలవరుపవలెను. మంద్రధ్వనియు, వివరణాత్మకమగు సంభాషణయు ఇందు సాధనములు. శబ్దాసహిష్ణుతకును ఈ మార్గమే మేలయ్యెను. భయపడి చెవులు మూసికొనుట సున్నితత్వమును పెంచునని తరువాతి పరీక్షలు చూపినవి. అయినను 2019లో వెలువడిన అమెరికా పరీక్షయందు ఈ పద్ధతియు, సామాన్య సంరక్షణయు సమానఫలములనే యొసగెను. ఇన్నేండ్ల వాదోపవాదములకు ఇది కొంత చేదు ముగింపే.

మనోవైద్యులు రూపొందించిన ఆలోచనా ప్రవర్తనా చికిత్సకు సాక్ష్యబలము మెండు. 2012లో మాస్ట్రిక్ట్‌నందు 492 మందిపై జరిగిన పరీక్షయు, 28 పరీక్షలను క్రోడీకరించిన 2020 నాటి కాక్రేన్ సమీక్షయు నాదబాధ తగ్గుననియే చెప్పినవి; నాదతీవ్రత తగ్గునని గాదు. ఐర్లండువారి లెనైర్ యంత్రము ధ్వనితోపాటు నాలుకపై స్వల్పవిద్యుత్తును ప్రసరింపజేయును. 326 మందిపై జరిపిన ప్రయోగఫలములు 2020లో వెలువడగా, 2023లో అమెరికా అనుమతి లభించెను. కాని ఆ ప్రయోగమున నకిలీచికిత్స పొందిన వర్గమే లేకుండుట విచారణీయము. ఔషధమేదియు ఇంతవరకు అట్టి అనుమతిని పొందలేదు. గింకో, మెలటోనిను, జింకు మున్నగువానిని సిఫారసు చేయరాదని అమెరికా కర్ణవైద్యుల సంస్థ 2014లో ప్రకటించినను, అవి అంగళ్ళలో అమ్ముడుపోవుచునే యున్నవి.