తొట్లలో బంగాళాదుంప సాగు

అడుగున రంధ్రాలున్న పెద్ద తొట్లు, డ్రమ్ములు, గోనె సంచుల్లో బంగాళాదుంప పండించే పెరటి పద్ధతి. ఆలుగడ్డగానూ పిలిచే ఈ పంట పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. తెలంగాణలో పొలం సాగుకు జహీరాబాద్ ప్రసిద్ధి. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దుల్లో వేసవి ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులుంటాయి. దుంప ఊరడానికి రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉండాలి కనుక ఇక్కడ అదను చలికాలమే. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ రూపొందించిన కుఫ్రి సూర్య వేడిని కొంత తట్టుకునే రకం. 40 లీటర్ల తొట్టిలో మొలకెత్తిన 2 లేదా 3 విత్తన దుంపలను 10 సెంటీమీటర్ల లోతున నాటి, మొక్క ఎదిగేకొద్దీ మొదట్లోకి మట్టి ఎగదోస్తారు. ఈ పద్ధతిలో కీలకమైన పని ఇదే: వెలుతురు సోకిన దుంప పచ్చబడి, సొలనిన్ అనే విషపదార్థం పెరిగి తినడానికి పనికిరాదు. సుమారు 90 రోజులకు ఆకులు పసుపుబారాక తొట్టిని బోర్లించి దుంపలు ఏరతారు.