మార్పులకు అనువైన ఈ-పరిపాలన సాఫ్ట్‌వేర్

చట్టాలు, రుసుములు, పాలనా సరిహద్దులు మారినపుడు ప్రోగ్రామును తిరిగి వ్రాయనవసరం లేకుండా సర్దుబాటు చేసుకొనుటకు వీలుగా నిర్మించిన ప్రభుత్వ సేవల సాఫ్ట్‌వేర్‌ను మార్పులకు అనువైన ఈ-పరిపాలన సాఫ్ట్‌వేర్ అనవచ్చు. ధ్రువపత్రాల జారీ, భూమి రికార్డులు, పన్నుల చెల్లింపు మొదలగునవి ఇటువంటి సేవలు.

ఆవశ్యకత

ప్రభుత్వ ఉత్తర్వు వెలువడిన నాటినుండే అమలులోకి రావచ్చు. సాఫ్ట్‌వేర్ ఆలోగా మారకపోతే అర్హులకు సైతం ధ్రువపత్రం అందక, కళాశాల ప్రవేశానికో ఉద్యోగానికో గడువు దాటిపోతుంది. ఉదాహరణకు, 2019లో 103వ రాజ్యాంగ సవరణ ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం వరకు రిజర్వేషన్‌కు వీలు కల్పించడంతో, అంతకుముందు లేని ఒక కొత్త ధ్రువపత్రం అవసరమైంది.

సరిహద్దుల మార్పు

వరంగల్ జిల్లాలో ఉండిన ములుగు 2016 అక్టోబరులో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. జిల్లా పేరును కోడులోనే వ్రాసి ఉంచితే ప్రతిసారీ కోడును మార్చవలసి వస్తుంది. పాత పేరును చెరిపి కొత్తది వ్రాస్తే, 2015లో వరంగల్ జిల్లా పేరుతో పొందిన ధ్రువపత్రం తనిఖీలో సరిపోలదు. కావున ప్రతి ఊరికి మారని సంకేతసంఖ్యను కేటాయించి, అది ఏ తేదీ నుండి ఏ జిల్లాలో ఉన్నదో వేరొక పట్టికలో భద్రపరచుట మేలు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామాలకు సంకేతసంఖ్యలు ఉన్నాయి.

రూపకల్పన సూత్రాలు

* రుసుములు, ఆదాయ పరిమితులు, గడువులు కోడులో కాక, అమలు తేదీలతో సహా పట్టికలలో ఉంచుట.
* సేవ యొక్క నియమాలను, అది ప్రజలకు చేరే మార్గాన్ని వేరుచేయుట. అపుడు కౌంటరు, వెబ్‌సైటు, ఫోను అన్నింటికీ ఒకే నియమం వర్తిస్తుంది.
* శాఖల మధ్య సమాచార మార్పిడికి అందరికీ తెలిసిన ప్రమాణాలను వాడుట.
* తెలుగు పాఠ్యానికి యూనికోడ్ వాడుట. ప్రత్యేక ఫాంట్లలో నిలువచేసిన పేర్లను ఇతర వ్యవస్థలు చదవలేవు.

ఉదాహరణలు

ఎస్టోనియాలో 2001లో ప్రారంభమైన ఎక్స్-రోడ్ వ్యవస్థ శాఖల డేటాబేసులను ఒకచోట చేర్చక, వాటి మధ్య సురక్షితమైన సమాచార మార్పిడికి తోడ్పడుతుంది. ఒక శాఖ తన సాఫ్ట్‌వేర్‌ను మార్చుకొన్నా, మార్పిడి ప్రమాణం మారనంతవరకు మిగిలినవి యథాతథంగా పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ఈసేవ, 2011లో మీసేవ, 2025లో వాట్సాప్ ద్వారా సేవలందించే మన మిత్ర ప్రారంభమైనాయి. సేవలు ప్రజలకు చేరే మార్గాలు ఎంత త్వరగా మారునో వీటివలన తెలుస్తుంది.

పరిమితులు

పట్టికలో ఒక్క అంకె తప్పుపడినా ఆ పొరపాటు అన్ని కార్యాలయాలకు ఒకేసారి చేరుతుంది. కనుక ప్రతి మార్పును ముందుగా పరీక్షించి, ఎవరు, ఎపుడు, ఏ జీ.ఓ. ప్రకారం చేసినదీ నమోదు చేయాలి. ప్రతి అంశాన్నీ మార్చుటకు వీలు కల్పించబోతే వ్యవస్థ జటిలమగును. అందువలన తరచుగా మారే అంశాలనే పట్టికలకు ఎంచుకొనుట మంచిది.