రుణాల వాటా మార్పిడి – ఆర్థిక నిష్పత్తులపై ప్రభావం

విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నిర్వహిస్తున్న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్‌కు 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్రణాళికను కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదించింది. ఇందులో 10,300 కోట్లు ఈక్విటీ మూలధనంగా సమకూర్చేది. మిగిలిన 1,140 కోట్లు కొత్త సొమ్ము కాదు. అప్పటికే ఉన్న వర్కింగ్ క్యాపిటల్ రుణాన్ని, పదేళ్ల తరువాత తిరిగి చెల్లించే 7 శాతం నాన్ క్యుములేటివ్ ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు.

రుణాన్ని ఈక్విటీగా మార్చినపుడు నిష్పత్తులు ఎలా కదులుతాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక సంస్థకు 600 కోట్ల రుణం, 200 కోట్ల ఈక్విటీ ఉన్నపుడు రుణ-ఈక్విటీ నిష్పత్తి 3. రుణంలో 200 కోట్లను ఈక్విటీగా మార్చితే రెండూ 400 కోట్ల వంతున నిలిచి, నిష్పత్తి 1కి దిగుతుంది. మార్చిన ప్రతి రూపాయి ఒకవైపు తగ్గి మరొకవైపు పెరగడమే ఈ వేగానికి కారణం.

వడ్డీ 10 శాతం, వడ్డీకి ముందు లాభం 90 కోట్లు అయితే, వడ్డీ భారం 60 నుండి 40 కోట్లకు తగ్గి, వడ్డీ కవరేజి 1.5 నుండి 2.25కు పెరుగుతుంది. పన్నుకు ముందు లాభం 30 నుండి 50 కోట్లకు చేరుతుంది. అయినప్పటికీ ఈక్విటీపై రాబడి 15 శాతం నుండి 12.5 శాతానికి తగ్గుతుంది! లాభం పెరిగినా, దానిని పంచుకునే మూలధనం అంతకంటె ఎక్కువగా పెరిగింది. మొత్తం పెట్టుబడి 800 కోట్లపై రాబడి మాత్రం ఎప్పటివలెనే 11.25 శాతం. కర్మాగారం ఒక్క టన్ను కూడా అదనంగా ఉత్పత్తి చేయలేదు.

నష్టాలు పేరుకుని నికర విలువ రుణాత్మకమైన సంస్థలలో రుణ-ఈక్విటీ నిష్పత్తికి అర్థమే ఉండదు.

ప్రిఫరెన్స్ షేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వర్కింగ్ క్యాపిటల్ రుణం సాధారణంగా ఏడాదిలోగా తీర్చవలసిన బాధ్యత. అది పదేళ్ల దూరం జరిగినందున కరెంట్ రేషియో మెరుగుపడుతుంది; ఒక ఏడాది చెల్లించని డివిడెండు మరుసటి ఏడాదికి పోగుపడదు. కాని నిర్ణీత గడువున తప్పనిసరిగా తిరిగి చెల్లించవలసిన సొమ్మును, పేరు షేరైనప్పటికీ, భారత అకౌంటింగ్ ప్రమాణం 32 అప్పుగానే పరిగణిస్తుంది. ఆ మేరకు రుణ-ఈక్విటీ నిష్పత్తిలో మెరుగుదల పరిమితమే.

యాజమాన్యంపై ప్రభావం సంస్థను బట్టి మారుతుంది. 2025లో వొడాఫోన్ ఐడియా చెల్లించవలసిన 36,950 కోట్ల స్పెక్ట్రం బకాయిలను వాటాలుగా మార్చినపుడు కేంద్రం వాటా 22.6 శాతం నుండి 48.99 శాతానికి పెరిగి, ఇతర వాటాదారుల వంతు తగ్గింది. ఉక్కు సంస్థలో ఆ ప్రశ్న తలెత్తలేదు. అది పూర్తిగా కేంద్ర ప్రభుత్వానిదే.