పిట్టలు రాలితేగానీ బయటపడని సీసం

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. రీజినల్ వీసాల మీద మనవాళ్లు చిన్న చిన్న ఊళ్లకి పనికి వెళ్తున్నారు. అద్దె ఇంటి పక్కన వాన నీళ్ల ట్యాంకు కనబడితే "ఆకాశం నుంచి పడ్డ నీళ్లు, ఇంతకన్నా శుభ్రం ఏముంటుంది" అనుకుంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం, ఎస్పరెన్స్ సంగతి చదివేదాకా.

పెర్త్‌కి ఆగ్నేయంగా ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవు ఊరు ఎస్పరెన్స్. తెల్లటి ఇసుక బీచిల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. 2006 డిసెంబరులో అక్కడ పిట్టలు చచ్చి రాలిపడటం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, వేలకొద్దీ. కారణం సీసం అని తేలేసరికి 2007 మార్చి వచ్చింది.

ఆ సీసం చాలా దూరం నుంచి వచ్చింది. విలూనా దగ్గర మాగెల్లాన్ గనిలో తవ్విన ఖనిజాన్ని 2005 నుంచి లారీల్లో లియోనోరా దాకా, అక్కణ్ణుంచి రైల్లో ఎస్పరెన్స్ రేవుకి తెచ్చేవారు. మూటలు కట్టకుండా విడిగానే బెల్టుల మీద ఓడలోకి ఎత్తేవారు. పొడి పొడిగా ఉండే సరుకు, పైగా సముద్రపు గాలి. ధూళి లేచి ఇళ్ల కప్పుల మీద పడింది. వాన పడగానే కప్పు మీది ధూళి గట్టర్లోకి, గట్టర్లోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి గ్లాసులోకి! పరీక్ష చేస్తే కొన్ని ట్యాంకుల్లో సీసంతో పాటు నికెల్ కూడా కనబడింది. అదీ ఆ రేవు మీదుగా పోయే సరుకే.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పుకోవాలి. సీసం ఖనిజాలన్నీ ఒకటి కాదు. మామూలుగా దొరికే గలీనా కడుపులో అంత తేలిగ్గా కరగదు. మాగెల్లాన్‌ది సీసం కార్బొనేట్. కడుపులోని ఆమ్లానికి ఇట్టే కరిగి ఒంటికి పడుతుంది. పాతకాలం తెల్ల రంగుల్లో కలిపే సఫేదాకి ఇది దగ్గర చుట్టం. ఆ సఫేదా రంగు పూసిన వరండా కమ్మీల వల్లే పిల్లలకి సీసం విషం ఎక్కుతోందని బ్రిస్బేన్ డాక్టర్ లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లోనే రాశాడు. క్వీన్స్‌లాండ్‌లో దాని మీద చట్టం రావడానికి 1922 దాకా పట్టింది. అంటే ఈ దేశానికి ఆ సరుకు కొత్తేమీ కాదు.

మరి రేవులో ఎవరూ చూడలేదా? మమ్మల్ని బాగా బాధపెట్టిన ముక్క ఇదే. ధూళిని కొలిచే పరికరాలు ఉన్నాయి, అంకెలు హద్దు దాటాయి కూడా. పట్టించుకున్నవాళ్లే లేరు. రాష్ట్ర పార్లమెంటు కమిటీ విచారించి రేవునీ, పర్యావరణ శాఖనీ రెండింటినీ తప్పుపట్టింది. 2009లో రేవు సంస్థకి 5,25,000 డాలర్ల జరిమానా పడింది. కప్పులూ ట్యాంకులూ కడగడానికి ఏళ్లు పట్టింది. సీసానికి ఐసోటోపులని ఒక రకం వేలిముద్ర ఉంటుంది. దాన్ని బట్టి అక్కడి పిల్లల రక్తంలోని సీసంలో ఎక్కువ భాగం ఆ ధూళిదేనని శాస్త్రవేత్తలు తేల్చారు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ అని వార్త వచ్చింది. అవే రెండు పేర్లు! పోలిక అక్కడితో సరి. ఏలూరులో అనుమానం పురుగుమందుల వైపు కూడా వెళ్లింది. ఎస్పరెన్స్‌లోలాగా ఇదిగో ఈ గని అని వేలు పెట్టి చూపించే వీలు అక్కడివాళ్లకి దొరకలేదు.

ఇంకోటి, మనవాళ్లకి అలవాటైన మందు ఇక్కడ పనిచెయ్యదు. నీళ్లు కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మా ఇంటికి ట్యాంకు లేదుగా అంటారా? 2016లో పెర్త్‌లో కొత్తగా కట్టిన పిల్లల ఆసుపత్రి కుళాయి నీళ్లలోనే సీసం బయటపడింది. తెరవడం 2018 దాకా ఆగింది. చాలా వేళ్లు ఇత్తడి ఫిట్టింగుల వైపు చూపించాయి. ఇత్తడిలో సీసం కలపడం మామూలే మరి. తాగునీటికి వాడే ఫిట్టింగుల్లో అది 0.25 శాతం మించకూడదన్న నిబంధనకి పెట్టిన గడువు 2026 మే. అదీ కొత్తగా బిగించేవాటికే. అద్దె ఇళ్లలో పాత కుళాయిలు అలాగే ఉంటాయి. పొద్దున్నే చన్నీళ్ల కుళాయి ఒక అర నిమిషం వదిలి, ఆ నీళ్లు బకెట్లో పట్టి గిన్నెలు కడుక్కోండి. కాఫీకి ఆ తరవాత వచ్చేవి పట్టుకోండి.