యంత్రం హబ్సిగూడలో, రక్తం గూడెంలో
హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) చరిత్ర చెప్పేవాళ్లు వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవతోనో, లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రలతోనో మొదలుపెడతారు. మన్యంలోని గూడెం కొత్తవీధి వైపు నుంచి చూస్తే, 1977లో మొదలైన ఆ సంస్థ నాటిన మరో అలవాటే పెద్దదనిపిస్తుంది: ఖరీదైన పరికరాన్ని ఒకరి సొత్తు కాకుండా అందరిదీ చేయడం. 1995లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 45 జన్యువులను గాజు పలక మీద చుక్కలుగా పేర్చి ఒకేసారి అనేక జన్యువులను చదివే మైక్రోఅర్రే చిప్పుకు దారి చూపారు. పద్నాలుగేళ్లకే, హార్వర్డ్‌తో కలిసి సీసీఎంబీ చేసిన అధ్యయనంలో చెంచులు సహా 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యుపటాలను ఐదు లక్షలకు పైగా చోట్ల చదివారు. ఇంత పనికి ప్రతి ప్రయోగశాలా సొంత స్కానరు కొనుక్కోవాలంటే ఎక్కడి డబ్బూ చాలదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టవుతుందని వెక్కిరించేవాళ్లున్నారు. గొర్రెకు కాపరి లేనప్పుడు మాత్రమే అది నిజం. ఇక్కడ ఆ కాపరి టెక్నీషియనే: చిప్పులు పాతబడి సీక్వెన్సింగ్ వచ్చినా, నమూనా పనికొస్తుందో లేదో ముందే తేల్చిచెప్పే చెయ్యి తిరిగిన టెక్నీషియన్ విలువ తగ్గలేదు.

అసలు చిక్కు యంత్రం దగ్గర లేదు. ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చిప్పు మీద చూడాలంటే ఆర్ఎన్ఏ కావాలి. వేలి చర్మం మీది ఎంజైము తగిలినా అది ముక్కలైపోతుంది. అలా చెడిన నమూనాకు ఎరుపు, ఆకుపచ్చ రంగులద్దినా పలక మీద కనిపించేది అబద్ధమే. డీఎన్ఏ గట్టిది, ట్యూబులో ఘాట్ రోడ్డు దిగి నర్సీపట్నం మీదుగా హైదరాబాద్ చేరగలదు. ఆర్ఎన్ఏకు మాత్రం తీసిన చోటే రక్షక ద్రావణమో, గడ్డకట్టించే చలో ఉండాలి. అందుకే యంత్రాన్ని పంచుకోవడమన్నది రక్తం తీసే బల్ల దగ్గరే మొదలవ్వాలంటాను. ఈ మన్యంలో కనిపించే వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్ సెల్‌ను గుర్తించడానికి మైక్రోఅర్రే ఎందుకన్న అభ్యంతరం సబబే: ఒక్క అక్షరం మార్పును పట్టడానికి సాల్యుబిలిటీ పరీక్ష, ఆపైన హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే హెచ్‌పీఎల్‌సీ చాలు. 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన జాతీయ మిషన్ కూడా ఇలాంటి పరీక్షలనే వాడుతోంది. కానీ అదే జబ్బు ఒక బిడ్డను తరచూ ఆసుపత్రి పాలు చేసి, మరొకరిని తేలిగ్గా వదిలేయడం వెనక ఉన్న ఇతర జన్యువులను వెతకాలంటే లక్షల చోట్లు ఒకేసారి చదవాల్సిందే. మా రక్తం పట్నం పోతే మాకేం తిరిగొస్తుందని గూడెం వాళ్లు అడిగేది ఇంకా గట్టి ప్రశ్న. దానికి జవాబు బడ్జెట్టులోనే కనపడాలి. పక్కనున్న చింతపల్లిలో ఫ్రీజరు ఖర్చు, జబ్బు జన్యువును మోసే క్యారియర్ అని తేలిన యువతికి అర్థమయ్యేలా ఆ మాట చెప్పే కౌన్సెలర్ జీతం కూడా యంత్రం ఉన్న ఉమ్మడి ప్రయోగశాల ఖాతాలోనే పడాలి.