ఓడ ఆగిన పూటలో ఏ మాయా నగరం?

కరీబియన్ సముద్రపు పడమటి భాగంలో తిరిగే విహార నౌకలు ఆగే రేవుల్లో చాలావాటికి వెనుక, అడవిలోనో కొండ అంచునో, ఒక మాయా నగర శిథిలం ఉంటుంది. మెక్సికోలోని కొజుమెల్, కోస్తా మాయా, ప్రోగ్రెసో, బెలీజ్ దేశంలోని బెలీజ్ సిటీ, గ్వాతెమాలాలోని సాంతో తోమాస్ దె కస్తీయా ఈ రేవుల్లో ముఖ్యమైనవి. టెక్సస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవుల్లో గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కితే చేరేది తరచు వీటిలో ఒకదానికే. అయితే ఓడ రేవులో సాధారణంగా ఎనిమిది నుంచి పది గంటలు మాత్రమే ఉంటుంది. దిగడానికి పట్టే సమయమూ, బయలుదేరే వేళకు ముందే తిరిగి ఎక్కవలసిన సమయమూ తీసివేస్తే యాత్రికుడికి మిగిలేది ఆరేడు గంటలు. ఆ కాస్త వ్యవధిలో ఏ నగరం చూడాలన్న ప్రశ్నకు టూర్ల పట్టికలు పేరుప్రతిష్ఠలను బట్టి జవాబు చెబుతాయి కానీ, చరిత్రను, దారిలో గడిచే గంటలను కలిపి లెక్క వేసుకుంటే వచ్చే జవాబు చాలాసార్లు వేరుగా ఉంటుంది.

మాయా నాగరికత ఒకే చక్రవర్తి కింద నడిచిన సామ్రాజ్యం కాదు. ఇప్పటి దక్షిణ మెక్సికో, గ్వాతెమాలా, బెలీజ్, పశ్చిమ హోండురాస్, ఎల్ సాల్వడార్ ప్రాంతాల్లో పదుల కొద్దీ నగర రాజ్యాలు, అంటే ఒక నగరమూ దాని చుట్టుపక్కల పల్లెలూ ఒక రాజు ఏలుబడిలో ఉండే చిన్న రాజ్యాలు, ఒకదానితో ఒకటి వియ్యమందుతూ, కప్పం కడుతూ, యుద్ధాలు చేసుకుంటూ వందల ఏళ్లు సాగాయి. సుమారు క్రీ.శ. 250 నుంచి 900 వరకు గల కాలాన్ని పురావస్తు శాస్త్రజ్ఞులు క్లాసిక్ యుగం అంటారు. రాజుల చరిత్రను రాళ్ల మీద చెక్కించడం ముమ్మరంగా సాగింది అప్పుడే. తొమ్మిదో శతాబ్దంలో కరవులు, ఎడతెగని యుద్ధాలు, జనాభా వల్ల సాగునేల మీద పెరిగిన ఒత్తిడి కలిసి దక్షిణాది నగరాలను ఒకటొకటిగా పాడుపెట్టగా, ఉత్తరాన యుకతాన్ ద్వీపకల్పంలో మాత్రం స్పెయిన్ వారు వచ్చేదాకా నగర జీవనం రూపం మార్చుకుంటూ కొనసాగింది. అందువల్ల ఒకే ప్రయాణంలో రెండు రేవుల దగ్గర కనిపించే శిథిలాల మధ్య ఆరేడు శతాబ్దాల అంతరం ఉండవచ్చు. ఏ కాలాన్ని చూస్తున్నామో తెలియకుండా చూస్తే అన్నీ ఒకే రకపు రాళ్లగుట్టలుగా కనిపిస్తాయి.

రాళ్లకు ఇంత ప్రాధాన్యం రావడానికి ఒక దారుణమైన కారణం ఉంది. మాయా లేఖకులు చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద, మడతలు మడతలుగా విప్పే పుస్తకాల్లో ఖగోళ గణితాన్ని, పండుగల క్రమాన్ని రాసుకున్నారు. 1562 జులై 12న యుకతాన్‌లోని మని గ్రామంలో దియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, అవి సైతాను అబద్ధాలన్న నమ్మకంతో, చేతికి చిక్కిన పుస్తకాలన్నిటినీ తగలబెట్టించాడు. నేడు ప్రపంచం మొత్తం మీద మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే. అదే లాందా తరువాత రాసిన గ్రంథంలో మాయా అక్షరాలనుకుని పొందుపరచిన కొద్దిపాటి గుర్తుల ఆధారంగానే సోవియట్ పండితుడు యూరీ క్నోరొజొవ్ 1952లో ఆ లిపిలో అక్షర ధ్వనులున్నాయని చూపగలిగాడు. 1960లో మాయా పరిశోధకురాలు తత్యానా ప్రొస్కురియకోవ్ శిలాశాసనాల్లోని తేదీలు రాజుల జననాలకు, పట్టాభిషేకాలకు సంబంధించినవని నిరూపించింది. పుస్తకాలు బూడిదయ్యాయి కనుక ఆ జాతి తన గురించి తాను చెప్పుకున్న మాట ఎక్కువగా రాతి మీదే మిగిలింది. నగరాన్ని ఎంచుకునేవారు ఎంత ఎత్తు పిరమిడ్ ఉందని కాక, అక్కడి రాయి ఏమి చెబుతోందని అడగడం న్యాయం.

ఓడలు ఎక్కువగా ఆగే కొజుమెల్ ఒక ద్వీపం. దాని ఉత్తర భాగంలో ఉన్న సాన్ హెర్వాసియో శిథిలాలు ఎత్తులో, విస్తీర్ణంలో చిన్నవే కానీ, ప్రసవాలకు, వైద్యానికి అధిదేవతగా కొలిచిన ఇష్‌చెల్ అమ్మవారి క్షేత్రంగా యుకతాన్ నలుమూలల నుంచీ యాత్రికులు పడవల్లో వచ్చిన చోటది. టాక్సీలో త్వరగానే చేరవచ్చు. చిన్నపిల్లలతో, వృద్ధులతో వచ్చినవారికి ఇంతకంటే తగినది లేదు. ఎక్కువమంది కోరేది మాత్రం తులుమ్. అక్కడికి వెళ్లాలంటే మొదట ఫెర్రీ మీద ముప్పావు గంట సముద్రం దాటి ప్లాయా దెల్ కార్మెన్ చేరి, అక్కడి నుంచి దక్షిణంగా అరవై కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద పోవాలి. తిరుగు ప్రయాణమూ అంతే. క్లాసిక్ యుగం ముగిసిన తరువాత, పదమూడో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం మొదటి వరకు వర్ధిల్లిన ఈ రేవు పట్టణానికి మూడు వైపుల రాతి ప్రాకారం, నాలుగో వైపు సముద్రానికి ఎదురుగా నిటారైన కొండ అంచు రక్షణగా ఉన్నాయి. కట్టడాలు పొట్టివి, పనితనం అంత నాజూకైనది కాదు. అయినా గుమ్మాల పైన తలకిందులుగా దిగివస్తున్నట్టు మలచిన దేవతామూర్తులు, కుడ్యచిత్రాలున్న చిన్న ఆలయం జాగ్రత్తగా చూడదగినవి.

తులుమ్‌ను ఓడలో వచ్చినవారు చూడటంలో ఒక ప్రత్యేకమైన ఔచిత్యం ఉంది. నేడు విహార నౌకలు తిరిగే ఈ జలాల్లోనే మాయా వర్తకుల పెద్ద దోనెలు ఉప్పు, పత్తి బట్టలు, కకావో గింజలు, అగ్నిశిల అనే నల్లని గాజురాయి మోసుకుంటూ తీరం వెంబడి హోండురాస్ దాకా వెళ్లేవి. 1502లో కొలంబస్ తన నాలుగో యాత్రలో గ్వానాహా దీవి దగ్గర అలాంటి సరుకుల దోనె ఒకదాన్ని అడ్డగించాడు. ఆ దీవి ఇప్పటి ఓడలు ఆగే మరో దీవి రోతాన్‌కు పొరుగునే ఉంది. 1518లో హువాన్ దె గ్రిహాల్వా నౌకాదళం ఈ తీరం వెంట పోతూ, సెవీయా నగరమంత పెద్ద ఊరు కనబడిందని రాసుకుంది. అది తులుమేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఇక లోపలి అడవిలో ఉన్న కోబా, నలభై రెండు మీటర్ల పిరమిడ్‌తోను, పడమటి దిక్కున యాక్సునా దాకా వంద కిలోమీటర్లు పరచిన తెల్లని రాతి రహదారితోను ఎంతో గొప్పదే అయినా, కొజుమెల్‌లో దిగినవారికి దారిలోనే పూట గడిచిపోతుంది.

కోస్తా మాయా రేవులో దిగినవారు సుమారు గంట దూరంలోని చక్చోబెన్‌కు వెళ్లడం మామూలు. చెట్ల నీడలో, రద్దీ తక్కువగా, నెమ్మదిగా తిరగదగిన చోటది. ఓడ ఎక్కువసేపు ఆగే రోజున ఇంకా దూరం పోగలిగినవారికి కోహున్‌లిచ్‌లో గారతో చేసిన పెద్ద ముఖాలున్న ఆలయం ఉంది.

బెలీజ్ సిటీ దగ్గర సముద్రం లోతు తక్కువ కావడం వల్ల పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తాయి. ఈ రాకపోకలకు పోయే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. దగ్గరలోది అల్తున్ హా. 1968లో పురావస్తు శాస్త్రజ్ఞుడు డేవిడ్ పెండర్‌గాస్ట్ అక్కడి ఒక సమాధిలో సూర్యదేవుని ముఖంగా చెక్కిన పచ్చరాతి శిరస్సును, సుమారు 4.4 కిలోల బరువున్నదాన్ని, వెలికితీశాడు. అయినా ఈ రేవులో సమయం సరిపోయేవారు కోరవలసింది లమనై. ముందు రోడ్డు మీద, ఆపైన న్యూ రివర్ మీద పడవలో గంటకు పైగా సాగే ప్రయాణం ఆ నగరానికి సహజమైన ప్రవేశం, ఎందుకంటే దాని బ్రతుకంతా ఆ నది మీదే ఆధారపడింది. క్రీస్తుకు పూర్వం నుంచి పదిహేడో శతాబ్దం దాకా జనం విడవకుండా నివసించిన అరుదైన మాయా నగరమది. పొరుగు రాజ్యాలు తొమ్మిదో శతాబ్దంలో కూలిపోయినప్పుడు కూడా అది నిలిచింది. ముప్పై మూడు మీటర్ల పెద్ద గుడి, మొసలి తలపాగా ధరించిన భారీ ముఖం, వాటికి కొద్ది దూరంలో స్పెయిన్ వారు కట్టించగా మాయాలు తిరుగుబాటు చేసి తగలబెట్టిన చర్చి శిథిలం, పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ చక్కెర మిల్లు యంత్రాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. మాయాలు ఒక్కసారిగా మాయమైపోయారన్న ప్రచారానికి ఇంతకంటే గట్టి సమాధానం ఇంకెక్కడా దొరకదు.

సాంతో తోమాస్ దె కస్తీయాలో చాలామంది టికాల్ పేరు చూసి ఆకర్షితులవుతారు. అది మహానగరమే కానీ అక్కడికి ఒక్క పూటలో వెళ్లిరావాలంటే విమానం తప్పదు, ఖర్చూ ఎక్కువే. అదే రేవు నుంచి రోడ్డు మీద రెండు గంటల లోపు ఉన్న కిరిగ్వాను టూర్ల పట్టికలు చిన్న అక్షరాల్లో వేస్తాయి. 1910లో ఒక అమెరికన్ పండ్ల కంపెనీ కొన్న అరటి తోటల నడుమ మిగిల్చిన అడవి ముక్కలో, పూరికప్పుల కింద నిలిచిన ఇసుకరాతి స్తంభశిలలు, అంటే రాజుల రూపాలనూ చరిత్రనూ చెక్కిన నిలువు రాళ్లు, మాయా శిల్పకళలో అగ్రశ్రేణివి. కిరిగ్వా మొదట తనకంటే ఎంతో పెద్దదైన కొపాన్‌కు సామంత రాజ్యం. 738లో దాని రాజు కక్ తిలివ్ చాన్ యోపాత్ తన ఏలికయిన కొపాన్ రాజును బందీగా పట్టి, తల నరికించి, ఆ విజయాన్ని ఊరూరా తెలిసేంత ఎత్తున రాతిలో నిలబెట్టాడు. 771లో ప్రతిష్ఠించిన ‘ఇ’ స్తంభం పదిన్నర మీటర్ల పొడవుతో, అరవై టన్నులకు పైబడిన బరువుతో మాయా ప్రపంచంలో దొరికిన స్తంభశిలలన్నిటిలోనూ పెద్దది. దానికి కొద్ది దూరంలోనే ఉన్న ‘సి’ స్తంభం మీద మాయాలు ప్రస్తుత సృష్టి మొదలైందని నమ్మిన దినం, క్రీ.పూ. 3114, చెక్కి ఉంది. కలియుగారంభాన్ని క్రీ.పూ. 3102గా లెక్కించే పంచాంగం తెలిసిన తెలుగువారికి ఈ సామీప్యం ఆశ్చర్యం కలిగించవచ్చు కానీ, రెండూ వేర్వేరు ఖండాల్లో వేర్వేరు పద్ధతుల్లో వెనక్కు లెక్కించి చేరిన తేదీలు. దాన్ని బంధుత్వంగా చెప్పడానికి ఎలాంటి ఆధారమూ లేదు. చదువగలిగిన రాళ్లు, వాటి ముందు నిలబడి చూసే తీరిక రెండూ ఒకేచోట దొరికే రేవు ఇదే కనుక, ఓడ ఇక్కడ ఆగే యాత్రను ఎంచుకునే అవకాశం ఉన్నవారు వదులుకోకూడదు.

ఏ రేవులో దిగినా గడియారం గురించి ఒక హెచ్చరిక అవసరం. కొజుమెల్, కోస్తా మాయా ఉన్న కింతానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా తూర్పు కాలమానాన్ని పాటిస్తుండగా, పక్కనే ఉన్న యుకతాన్ రాష్ట్రం, బెలీజ్, గ్వాతెమాలా ఒక గంట వెనుక ఉంటాయి. ఓడ మీది సమయం వీటిలో దేనితోనైనా కలవకపోవచ్చు. ఓడ సంస్థ ఏర్పాటు చేసిన టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. వ్యవధి బిగుతుగా ఉండే కిరిగ్వా, లమనై, తులుమ్ వంటి చోట్లకు ఓడ ద్వారా వెళ్లడమే క్షేమం.

చివరి రేవు ప్రోగ్రెసో. సముద్రం లోతులేని ఆ తీరంలో ఓడల కోసం ఆరున్నర కిలోమీటర్ల పొడవున వంతెన లాంటి రేవు కట్టారు. ఊళ్లోకి అక్కడి నుంచి బస్సులో వస్తారు. అక్కడ మూడు దారులున్నాయి. జిబిల్‌చల్తున్ అతి సమీపంలోది. విషువత్తుల వేళ, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో, ఉదయించే సూర్యుడు ఏడు బొమ్మల ఆలయపు ద్వారంలో నుంచి సరిగ్గా కనబడే చోటది. దక్షిణంగా గంటన్నరకు పైగా పోతే ఉష్మల్. నదులు, సహజ బావులు లేని ఆ ఎత్తైన నేల మీద నేలలో తొలిచిన గదుల్లో వాననీరు నిలువ చేసుకుని జీవించిన ప్రజలు, వాన దేవుడు చాక్ ముఖాలను వందల సంఖ్యలో గోడల మీద పరిచారు. క్రీ.శ. 900 ప్రాంతంలో కట్టిన గవర్నర్ భవనం వంద మీటర్ల ముఖభాగపు శిల్పంతో మాయా వాస్తుకళలోని అత్యుత్తమ కట్టడాల్లో ఒకటిగా లెక్కకు వస్తుంది. మూడోది చిచెన్ ఇట్జా. నాలుగు వైపులా తొంభై ఒక్కేసి మెట్లు, పైన మరొకటి కలిపి 365 అయ్యే దాని పిరమిడ్ ఘనతను ఎవరూ కాదనలేరు కానీ, రానూపోనూ నాలుగు గంటలకు పైగా బస్సులో గడిపి, మధ్యాహ్నపు ఎండలో, జనసందోహంలో, ఎక్కడం నిషేధించిన మెట్లను కింద నుంచి చూసి తిరిగిరావడం ఆ నగరానికి తగిన దర్శనం కాదు. ఓడ నుంచి వచ్చిన ఒక పూటకు ఉష్మల్ సరిపోతుంది. చిచెన్ ఇట్జా మీద మనసున్నవారు మరొకసారి, రోడ్డు మార్గాన, ముందురాత్రి దగ్గరలోని వయ్యదోలిద్ పట్టణంలో బస చేసి, తలుపులు తెరిచే వేళకే వెళ్లాలి.