వినైల్: వైన్‌కు దూరపు చుట్టం

పాటల రికార్డును, వినేది కాబట్టి వినైల్ అన్నారేమో అనిపిస్తుంది తెలుగు చెవికి. కాదు. లాటిన్‌లో వైన్ పేరు ‘వీనుమ్’. 19వ శతాబ్దపు రసాయన శాస్త్రవేత్తలు సారాకు చుట్టమైన ఓ అణుభాగానికి ఆ పేరు తగిలించారు. పాలీవినైల్ క్లోరైడ్ ఆ వంశమే, అంటే మన పెరటి పీవీసీ పైపు! వినైల్ రికార్డులూ దానితోనే చేస్తారు. అంతకుముందు 78 ఆర్‌పీఎం ప్లేట్లు లక్కతో చేసేవారు, కిందపడితే ముక్కలే.

పీవీసీకి సొంత రంగు లేదు. నలుపు కూడా కలిపిన మసే. పారదర్శకమైన ఎర్ర సింగిల్ రికార్డ్‌ను బల్బుకు అడ్డంపెడితే గాడుల గుండా వెలుతురు వస్తుంది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ తన 45 ఆర్‌పీఎం సింగిల్స్‌లో శాస్త్రీయ సంగీతానికి ఎరుపు, కంట్రీ పాటలకు ఆకుపచ్చ, పిల్లల పాటలకు పసుపు వాడింది. అప్పుడు రంగు ఆనవాలు మాత్రమే. 1988లో సియాటిల్‌లో సబ్ పాప్ అనే రికార్డు సంస్థ దాన్ని సేకర్తలకు ఎరగా మార్చింది. మడ్‌హనీ బృందం తొలి సింగిల్ ‘టచ్ మీ ఐయామ్ సిక్’ మొదటి విడతలో 800 కాఫీరంగువి, 200 నల్లవి. చిత్రం, ఇక్కడ నలుపే అరుదు!

బహువచనంగా ‘వినైల్స్’ అంటే ఇంగ్లిష్ సేకర్తలు ముఖం చిట్లిస్తారు. మనకా తంటా లేదు. మన పెద్దలు ఎప్పుడో ‘ప్లేట్లు’ అనేశారు.